మానసిక చికిత్సకు ఏడాదికి ఎంత ఖర్చవుతుంది? డాక్టర్ ఫీజు ఒక్కటే చూస్తే లెక్క తప్పినట్లే.. ముందే అంచనా వేసుకోండిలా!

డాక్టర్ ఫీజు 700.. మందులకు నెలకు 600.. పర్వాలేదు, భరించొచ్చు. ఇంట్లో ఎవరికైనా డిప్రెషనో, బైపోలారో అని తేలగానే చాలామంది వేసుకునే మొదటి లెక్క ఇదే. నాలుగు నెలలు గడిచేసరికి ఆ లెక్క తలకిందులవుతుంది. బస్సు చార్జీలు, రక్త పరీక్షలు, కౌన్సెలింగ్, పోయిన కూలి.. ఇవేవీ మొదటి రోజు లెక్కలో ఉండవు. చేతిలో డబ్బు అయిపోగానే ముందుగా ఆగిపోయేది మందులే. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

మరి ఈ ఖర్చును ముందే తెలుసుకోవడం ఎలా? రూపాయి తేడా లేకుండా చెప్పడం ఎవరివల్లా కాదు. కానీ దగ్గరి అంచనా మాత్రం ఎవరైనా వేసుకోవచ్చు. కాగితం, పెన్ను, డాక్టర్‌ను అడగాల్సిన నాలుగైదు ప్రశ్నలు.. ఇవి చాలు. ఆ లెక్కేంటో చూద్దాం.

ముందే ఎందుకు చెప్పలేరు?

కంటి శుక్లం ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగితే ఆసుపత్రివాళ్లు వెంటనే ఒక ప్యాకేజీ చెప్తారు. లెన్స్ ఏ రకమో తేలితే చాలు, లెక్క తేలిపోతుంది. డిప్రెషన్‌కు ఎంతవుతుందని అడిగితే మాత్రం "చూద్దాం" అంటారు. డాక్టర్ దాటవేస్తున్నారని అనుకోవద్దు. ఒకే జబ్బు ఉన్న ఇద్దరిలో ఒకరికి మొదటి మందే పనిచేసి ఆరు వారాల్లో తేరుకుంటారు. ఇంకొకరికి రెండు మూడు మందులు మార్చాల్సి వస్తుంది. ఒకరికి కౌన్సెలింగ్ సరిపోతుంది, ఇంకొకరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. ఇద్దరి ప్రిస్క్రిప్షన్ మీదా జబ్బు పేరు ఒక్కటే. బిల్లులు మాత్రం వేరు.

ఈ చిక్కు మన దగ్గరే కాదు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 1983లో ఒక పద్ధతి తెచ్చింది. జబ్బు పేరును బట్టి ఆసుపత్రికి ఇంత అని ముందే రేటు ఖరారు చేసే పద్ధతి అది. కానీ మానసిక ఆసుపత్రులను అందులోంచి పక్కన పెట్టారు. జబ్బు పేరు చూసి రోగి ఎన్ని రోజులు ఉంటాడో చెప్పలేకపోవడమే దీనికి పెద్ద కారణం. చివరికి 2005లో ఆ ఆసుపత్రులకు రోజుకు ఇంత అని లెక్కగట్టే విధానం మొదలైంది. అందులోనూ తొలి రోజులకు రేటు ఎక్కువ, తర్వాత రోజులకు తక్కువ.

మనకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. జబ్బు పేరును బట్టి ఖర్చు లెక్కేయొద్దు. ఎన్ని నెలలు, నెలకు ఎన్నిసార్లు, ఎంత దూరం.. ఈ మూడింటిని బట్టి లెక్కేయాలి.

ఫీజు, మందులు.. ఇవి మూడో వంతు కూడా కావు!

ఇప్పుడొక ఉదాహరణ చూద్దాం. ఇందులోని రేట్లు లెక్క ఎలా వేయాలో చూపించడానికి మాత్రమే. మీ ఊళ్లో ఉన్న రేట్లు పెట్టి మీరే మళ్లీ వేసుకోండి.

జనగామలో ఉండే ఒక కుటుంబం. ఇంట్లో ఒకరికి డిప్రెషన్. హైదరాబాద్‌లో ప్రైవేట్ డాక్టర్‌కు చూపిస్తున్నారు. చికిత్స ఏడాది అనుకుందాం.

డాక్టర్ దగ్గరికి: మొదటి రెండు నెలలు 15 రోజులకోసారి, తర్వాత నాలుగు నెలలు నెలకోసారి, చివరి ఆరు నెలలు రెండు నెలలకోసారి. మొత్తం 11 సార్లు. ఫీజు 700 చొప్పున రూ.7,700.

మందులు: నెలకు 600 చొప్పున ఏడాదికి రూ.7,200.

కౌన్సెలింగ్: వారానికోసారి, మొత్తం 12 సార్లు. 1,000 చొప్పున రూ.12,000.

రక్త పరీక్షలు: ఏడాదికి రూ.2,000.

ప్రయాణం: కౌన్సెలింగ్‌లో నాలుగు, డాక్టర్‌ను చూసే రోజే పెట్టుకున్నా ఇంకా ఎనిమిదిసార్లు విడిగా వెళ్లాలి. అంటే మొత్తం 19 ప్రయాణాలు. ఇద్దరికి రానుపోను చార్జీ, టిఫిన్, భోజనం కలిపి 600 చొప్పున రూ.11,400.

పోయిన కూలి: తోడుగా వెళ్లే మనిషికి రోజుకు 600 చొప్పున 19 రోజులకు రూ.11,400.

అన్నీ కలిపితే రూ.51,700. మొదటి రోజు మనం అనుకున్న ఫీజు, మందులు రెండూ కలిపినా రూ.14,900 మాత్రమే. అంటే అసలు ఖర్చులో మూడో వంతు కూడా కాదు. ఒక్క మందులే చూస్తే ఏడో వంతు లోపే. దారి ఖర్చులు, పోయిన కూలి కలిపి రూ.22,800. ఏ బిల్లులోనూ కనిపించని డబ్బు ఇదే!

ఇది ఊహించి చెప్తున్న మాట కాదు. బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. మన రెండు రాష్ట్రాలు అందులో లేవు. చికిత్సకు, దాని కోసం చేసే ప్రయాణానికి కలిపి కుటుంబాలు నెలకు సుమారు 1,000 నుంచి 1,500 రూపాయలు పెట్టుకుంటున్నాయని అందులో తేలింది. పదేళ్ల కిందటి ధరల్లో ఆ మాట. పెద్దవాళ్లలో వంద మందిలో దాదాపు 11 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని కూడా ఆ సర్వే చెప్పింది. చికిత్స అందనివాళ్లే ఎక్కువ.

ఎన్ని నెలలు వాడాలి? లెక్కంతా దీని మీదే

అంచనాలో అన్నిటికన్నా పెద్ద అంకె ఇదే. "తగ్గేదాకా వాడితే చాలు" అనుకుంటే లెక్క తప్పుతుంది. మానసిక జబ్బుల్లో తగ్గిన తర్వాత కూడా కొన్నాళ్లు మందులు వాడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం డిప్రెషన్‌లో మనిషి తేరుకున్నాక 9 నుంచి 12 నెలలు మందులు కొనసాగించాలి. మొదటిసారి సైకోసిస్ వస్తే.. అంటే లేనిది ఉన్నట్లు వినపడటం, విపరీతమైన అనుమానాలు వంటివి వస్తే.. లక్షణాలు తగ్గాక కూడా చాలా నెలలు వాడాలి. బైపోలార్ డిజార్డర్‌లో కూడా జబ్బు తగ్గాక చాలా నెలలు వాడాలి. పదేపదే తిరగబెడుతుంటే ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మీ ఇంట్లో మనిషికి ఎన్నాళ్లో డాక్టరే చెప్పాలి. కానీ లెక్క రాసుకునేటప్పుడు మాత్రం "రెండు నెలలు" అని కాకుండా కనీసం "ఏడాది" అని మొదలుపెట్టండి.

ఇంకో విషయం. డిప్రెషన్ మందులు వేసుకున్న మర్నాడే పనిచేయవు. తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోపు "ఈ డాక్టర్ వల్ల కావట్లేదు" అని ఇంకో డాక్టర్, అక్కడినుంచి మరో డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లున్నారు. మారిన ప్రతిసారీ కొత్త ఫీజు, కొత్త పరీక్షలు, మళ్లీ మొదటి నుంచి మొదలు. కాలం పోతుంది, డబ్బూ పోతుంది.

మందును బట్టి టెస్టులు.. ముందే అడగండి

కొన్ని మందులు చవకే. కానీ వాటితో పాటు చేయించాల్సిన పరీక్షలు ఉంటాయి. బైపోలార్‌కు ఇచ్చే లిథియం తీసుకుంటే రక్తంలో లిథియం స్థాయి, కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు చేయిస్తూ ఉండాలి. వాల్‌ప్రోయేట్ వాడితే లివర్ పరీక్ష. ఓలాంజపిన్ వంటి మందులతో బరువు, షుగర్, కొలెస్ట్రాల్ చూసుకోవాలి. క్లోజపిన్ అయితే తెల్ల రక్తకణాల సంఖ్యను మొదట్లో వారం వారం, తర్వాత నెలనెలా చూడాలి. ఇవి ల్యాబ్‌వాళ్ల కమీషన్ కోసం రాసే టెస్టులు కావు. ఖర్చు తగ్గించుకోవాలని వీటిని మానేస్తే ప్రాణం మీదకు రావచ్చు. అందుకే మందు రాసిన రోజే "దీనికి ఏ టెస్టులు, ఎన్నాళ్లకోసారి?" అని అడిగి రాసుకోండి.

ఒక్క అంకె కాదు.. మూడు అంకెలు రాయండి

మానసిక చికిత్స ఖర్చును ఒకే అంకెలో బిగించడం కుదరదు. తక్కువలో తక్కువ, మామూలుగా, ఎక్కువలో ఎక్కువ.. ఇలా మూడు రాసుకోవాలి. పై కుటుంబం లెక్కే తీసుకుందాం.

తక్కువలో తక్కువ: ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. ఫీజు, మందులు, పరీక్షలు ఉచితం. కౌన్సెలింగ్ కూడా డాక్టర్‌ను చూసే రోజే అయిపోయింది. అయినా అంతే దూరం 11సార్లు తిరిగితే చార్జీలు, కూలి కలిపి రూ.13,200 అవుతుంది. ఉచితం అన్నచోట కూడా చేతిలో కొంత ఉండాల్సిందే.

మామూలుగా: ముందు చెప్పిన రూ.51,700.

ఎక్కువలో ఎక్కువ: మధ్యలో జబ్బు తిరగబెట్టి 15 రోజులు ప్రైవేట్ ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. రోజుకు 4,000 అనుకున్నా రూ.60,000. ఏడాది మొత్తం ఖర్చును ఆ 15 రోజులే దాటేశాయి. రెండూ కలిపితే రూ.1,11,700.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. డబ్బు కటకటగా ఉందని ఆరు నెలలు మందులు మానేస్తే మిగిలేది ఎంత? 600 చొప్పున రూ.3,600. దాని వల్ల జబ్బు తిరగబెడితే పోయేది రూ.60,000. పైగా ఉద్యోగం, చదువు, ఇంట్లో ప్రశాంతత.. వీటికి రేటు కట్టలేం. మందులు మానిన ప్రతి ఒక్కరికీ ఇలాగే అవుతుందని కాదు. కానీ చెప్పాపెట్టకుండా మానేయడం జబ్బు తిరగబెట్టడానికి పెద్ద కారణాల్లో ఒకటి. ఖర్చు తగ్గించుకోవాలంటే కోయాల్సింది మందులను కాదు, ప్రయాణాలను.

అదెలా అంటారా? పై లెక్కలో విడిగా వెళ్లిన ఎనిమిది కౌన్సెలింగ్‌లను వీడియో కాల్‌లో పెట్టుకుంటే చార్జీలు, కూలి కలిపి రూ.9,600 మిగులుతాయి. డాక్టర్‌ను అడిగి జన ఔషధి కేంద్రంలో జనరిక్ మందులు తీసుకుని, నెల ఖర్చు సగానికి తగ్గితే ఇంకో రూ.3,600. ఖర్చు రూ.51,700 నుంచి రూ.38,500కు దిగింది. ఒక్క మాత్ర కూడా మానలేదు! అయితే జనరిక్‌కు మారేముందు డాక్టర్‌కు చెప్పడం తప్పనిసరి. లిథియం లాంటి మందుల్లో కంపెనీ మారితే రక్తంలో స్థాయి మళ్లీ చూడాల్సి రావచ్చు.

అడ్మిషన్ అంటే ఏవేవి అడగాలి?

ఆసుపత్రిలో చేర్చమన్నారంటే కంగారులో ఎవరూ లెక్కలు అడగరు. కానీ అప్పుడే అడగాలి. బెడ్ చార్జీలో డాక్టర్ విజిట్, నర్సింగ్, భోజనం ఉన్నాయా, విడిగా వేస్తారా? అటెండెంట్ ఇంట్లోవాళ్లే ఉండాలా, ఆసుపత్రివాళ్లు పెడితే రోజుకు ఎంత? మందులు, టెస్టులు ప్యాకేజీలో ఉన్నాయా?

కరెంట్ షాక్ అని మనవాళ్లు పిలిచే ఈసీటీ చికిత్స చెప్పారనుకోండి. మత్తు ఇవ్వకుండా, కండరాలు సడలే మందు ఇవ్వకుండా అది చేయడాన్ని 2017 చట్టం నిషేధించింది. కాబట్టి మత్తు డాక్టర్ ఫీజు, అంతకుముందు చేసే పరీక్షలు కూడా లెక్కలో ఉంటాయి. సాధారణంగా 6 నుంచి 12 సిట్టింగులు అవసరమవుతాయి. ఒక్కో సిట్టింగ్‌కు మొత్తం ఎంతో అడగండి.

మందు మాన్పించే కేంద్రాలు, రిహాబ్ సెంటర్లలో "మూడు నెలల ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టాలి" అంటుంటారు. కట్టేముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ వద్ద ఆ కేంద్రానికి రిజిస్ట్రేషన్ ఉందా? అది లేకుండా నడపడానికి చట్టం ఒప్పుకోదు. రెండు, మధ్యలో ఇంటికి తీసుకెళ్తే మిగతా డబ్బు తిరిగి ఇస్తారా? ఈ రెండో మాట కాగితం మీద రాయించుకోండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

చాలామందికి తెలియని విషయం ఇది. శారీరక జబ్బులకు ఇచ్చినట్లే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాల్సిందేనని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 21వ సెక్షన్ చెప్తోంది. ఆ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అదే ఏడాది ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఆదేశాలిచ్చింది. అన్ని పాలసీల్లోనూ 2022 అక్టోబర్ 31లోగా దీన్ని చేర్చాలని మళ్లీ చెప్పింది. మానసిక జబ్బు అనే కారణంతో క్లెయిమ్ తిరస్కరించడం చెల్లదని 2021లో ఢిల్లీ హైకోర్టు కూడా ఒక కేసులో స్పష్టం చేసింది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. మామూలు పాలసీలు ఎక్కువగా 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే డబ్బిస్తాయి. ఓపీ ఫీజు, నెలనెలా మందులు, కౌన్సెలింగ్ వాటిలో రావు. అంటే పై లెక్కలో రూ.60,000 అడ్మిషన్‌కు బీమా అక్కరకొస్తుంది. రూ.51,700లో దాదాపు అంతా మీ జేబులోంచే పోతుంది. కాబట్టి పాలసీ తీసుకునేటప్పుడు "ఓపీ కవర్ ఉందా, కౌన్సెలింగ్ వస్తుందా, దేనికైనా విడిగా పరిమితి పెట్టారా" అని అడగాలి. అడ్మిషన్‌కు ముందు, డిశ్చార్జ్ తర్వాత కొన్ని రోజుల మందుల బిల్లులు కూడా వస్తాయి, దాచుకోండి.

పాలసీకి ముందే జబ్బు ఉంటే దాచొద్దు. దాస్తే తర్వాత క్లెయిమ్ పోతుంది. ముందునుంచీ ఉన్న జబ్బులకు వేచి ఉండే గడువు ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే. క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. దానికి ఫీజు లేదు.

ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది?

హైదరాబాద్ ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. వరంగల్ ఎంజీఎం, గుంటూరు, కర్నూలు జీజీహెచ్ లాంటి బోధనాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అంత దూరం వెళ్లేముందు మీ జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్ట్ ఏయే రోజుల్లో ఉంటారో కనుక్కోండి. ఒక్క ఫోన్ కాల్‌తో ఏడాది చార్జీలు తగ్గవచ్చు.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక చికిత్స ఉచితంగా అందించాలని అదే 2017 చట్టం చెప్తోంది. అత్యవసర మందుల జాబితాలో ఉన్న మానసిక వ్యాధుల మందులను సామాజిక ఆరోగ్య కేంద్రం, అంటే సీహెచ్‌సీ స్థాయి నుంచే ఉచితంగా ఇవ్వాలి. మీ ప్రిస్క్రిప్షన్ తీసుకుని దగ్గర్లోని సీహెచ్‌సీలో ఒకసారి అడిగి చూడండి. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో మానసిక వ్యాధులకు విడిగా విభాగం ఉంది. మీ కార్డుకు ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర చెప్తారు.

చికిత్స తీసుకుంటున్నా చాలాకాలంగా పని చేసుకోలేని స్థితిలో ఉంటే, మానసిక వ్యాధి కూడా వైకల్యం కిందకే వస్తుంది. 40 శాతం, ఆపైన ఉన్నట్లు సదరం సర్టిఫికెట్ వస్తే అర్హతను బట్టి పింఛన్ వంటివి అందుతాయి. ఆదాయపన్ను కట్టే కుటుంబానికి పాత పన్ను విధానంలో 75,000 రూపాయలు, తీవ్ర వైకల్యమైతే 1,25,000 రూపాయల మినహాయింపు కూడా ఉంది.

అమెరికాలో పిల్లలున్నారా?

అక్కడ చదువుకునే మన పిల్లల్లో బిల్లుకు భయపడి డాక్టర్ దగ్గరికి వెళ్లనివాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ మాట చెప్పండి. ముందు యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌లో అడగాలి. చాలాచోట్ల కొన్ని సెషన్లు విడిగా ఫీజు లేకుండానే ఇస్తారు. బీమా లేకపోయినా, బీమా వాడకుండా సొంతంగా కట్టుకుంటున్నా, 2022 జనవరి 1 నుంచి అక్కడి చట్టం ప్రకారం ఖర్చు అంచనాను ముందే రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది. థెరపిస్టులకూ ఇది వర్తిస్తుంది. బిల్లు ఆ అంచనా కన్నా 400 డాలర్లు, అంతకు మించి ఎక్కువ వస్తే 120 రోజుల్లోపు అభ్యంతరం చెప్పొచ్చు.

డాక్టర్‌ను ఈ ప్రశ్నలు అడగండి

మన దగ్గర అంచనా కాగితం చేతికి ఇచ్చే అలవాటు ఇంకా లేదు. కాబట్టి మనమే అడిగి రాసుకోవాలి. అడిగితే డాక్టర్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

1. సుమారుగా ఎన్నాళ్లు మందులు వాడాల్సి రావచ్చు?
2. ఎన్ని రోజులకోసారి రావాలి? మధ్యలో ఫోన్‌లోనో వీడియోలోనో చూస్తారా?
3. ఈ మందుకు జనరిక్ ఉందా? ప్రభుత్వ ఆసుపత్రిలో దొరుకుతుందా?
4. ఏ టెస్టులు, ఎప్పుడెప్పుడు?
5. కౌన్సెలింగ్ అవసరమా? ఎన్ని సెషన్లు?
6. ఏ లక్షణాలు కనిపిస్తే జబ్బు తిరగబెడుతోందని అర్థం? అప్పుడు ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి?

ఆఖరి ప్రశ్న ఖర్చుకు సంబంధించింది కానట్లు అనిపిస్తుంది. కానీ అదే చాలా ముఖ్యం. నిద్ర తగ్గడం, మాట తీరు మారడం, మందులు వద్దనడం.. ఇలాంటివి మొదటి వారంలోనే పసిగట్టి డాక్టర్‌కు చెప్తే మందు సరిచేయడంతో సరిపోవచ్చు. నెల ఆగితే అడ్మిషన్ దాకా వెళ్లొచ్చు.

ఇంకొక్క మాట. నిజంగానే డబ్బు కుదరడం లేదంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పేయండి. "సార్, నెలకు ఇంతకన్నా పెట్టలేం" అంటే చవకైన మందు రాయడమో, రావాల్సినసార్లు తగ్గించడమో, ప్రభుత్వ ఆసుపత్రికి చీటీ రాసివ్వడమో చేసే వీలుంటుంది. చెప్పకుండా మానేస్తే ఆ దారులన్నీ మూసుకుపోతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ 10న మొదలైన ఈ ప్రభుత్వ సేవ 24 గంటలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడతారు, పూర్తిగా ఉచితం. ఎవరైనా చనిపోవాలనుకుంటున్నట్లు మాట్లాడినా, అలాంటి ఆలోచన మీకే వచ్చినా.. లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు ఈ నంబర్‌కు ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ఖర్చు సంగతి తర్వాత చూసుకోవచ్చు.